చెన్నైలో కుట్టించే 200 మైక్రాన్ల ప్లాంక్టన్ వల: పొంగు కాలంలో ఎంత నమ్మొచ్చు?

చెన్నైలో ల్యాబు సామాను చేసిచ్చేవాళ్ల దగ్గర ఆర్డరు మీద దొరికే వల ఇది. నోరు 50 సెంటీమీటర్లు, కన్ను (గుడ్డలో ఒక్కో రంధ్రం) 200 మైక్రాన్లు అంటే 0.2 మిల్లీమీటరు, గరాటులా సన్నబడుతూ ఒకటిన్నర మీటరు పొడవు, చివర పీవీసీ డబ్బా, జీఐ రింగు, రింగుకు మూడు కాళ్ల తాడు. ఫ్లోమీటరు (నోటి గుండా ఎంత నీరు పోయిందో చూపే మీటరు) విడిగా కొనుక్కోవాలి. కాలేజీల జువాలజీ శాఖలు, హేచరీలవాళ్లు, తీరం మీద థీసిస్ చేసే విద్యార్థులు ఎక్కువగా తీసుకునేది ఈ సైజే. చెరువుకో, హేచరీ ట్యాంకుకో, ఏ జాతులున్నాయో చూసి పేర్లు రాసుకోవడానికో అయితే వంక పెట్టాల్సిందేమీ లేదు. అడుగు నీరు పైకి పొంగే కాలంలో, అంటే అప్‌వెల్లింగ్ నడిచే నెలల్లో, సముద్రపు ఆహార జాలాన్ని లెక్కగట్టడానికి దింపితే మాత్రం కథ మారిపోతుంది. ప్లవకాలు (ప్లాంక్టన్, అంటే నీటితో కొట్టుకుపోయే చిన్న జీవులు) బాగా ఉన్న రోజునే ఇది తక్కువ చూపిస్తుంది. తప్పు అన్ని రోజులూ ఒకేలా ఉంటే సవరించుకోవచ్చు. ఇక్కడ తప్పు కాలాన్ని బట్టి పెరుగుతుంది, అందుకే దీని మీద ఇంత రాయాల్సి వచ్చింది.

పొంగు సంగతి రెండు ముక్కల్లో. నైరుతి గాలి తమిళనాడు, ఆంధ్ర తీరాల వెంబడి ఇంచుమించు సమాంతరంగా వీస్తుంది. భూమి తిరుగుడు వల్ల మన అర్ధగోళంలో పైపొర నీరు గాలికి కుడివైపుకు, ఇక్కడైతే ఒడ్డు నుంచి లోపలి సముద్రం వైపుకు జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి కింది నుంచి చల్లని నీరు ఎక్కుతుంది, దానితో నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు ఎక్కుతాయి. వారం తిరక్కుండానే డయాటమ్‌లు (ఒంటికణపు నాచు) గొలుసులు కట్టి పెరుగుతాయి. విశాఖ దగ్గర దీన్ని 1950ల్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ గమనించి రాశారు. బంగాళాఖాతంలో నదుల మంచినీరు పైన మూతలా పరుచుకుంటుంది కాబట్టి మన పొంగు పెరూ, నమీబియాలంత పెద్దది కాదు. కొచ్చి వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నడిచేది దీనికంటే గట్టిది.

ఈ నీళ్లలో ఆహార గొలుసు పొట్టిది. డయాటమ్, దాన్ని తినే కోపిపాడ్ (రొయ్యల వర్గపు అతిచిన్న జీవి), రెండింటినీ తినే కవ్వలు, నెత్తళ్లు, కానగుర్తలు. (కానగుర్త మన మాటే. విశాఖలో ప్రకృతి శాస్త్రవేత్త పేట్రిక్ రసెల్ రాసుకున్న ఆ పేరే ఈ చేప శాస్త్రీయ నామంలో రాస్ట్రెల్లిగర్ కానగుర్తగా నిలిచిపోయింది. చెన్నై కాసిమేడు చేపల రేవులో అడగాలంటే కానాంగెళుత్తి అనాలి.) మధ్య మెట్టు ఒక్కటే కాబట్టి ఆ మెట్టు లెక్క తప్పితే పైనా కిందా అంతా తప్పుతుంది. పెరూ ఆంకోవెటా (నెత్తళ్ల జాతి చేప) సంగతి చూడండి. 1970లో కోటీ ఇరవై లక్షల టన్నులకు పైగా పట్టారు, 1972–73 ఎల్ నినోతో కుప్పకూలింది. ఆ చేప ముఖ్యంగా వృక్ష ప్లవకాలనే తింటుందని దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. కడుపులో దొరికినవాటిని సంఖ్యలో కాకుండా కార్బన్‌లో లెక్కేశాక, 2008లో వెలువడిన పనిలో తేలింది వేరు: దాదాపు అంతా జంతు ప్లవకాలే, అందులోనూ క్రిల్ (చిన్న రొయ్యల్లాంటి జీవులు), పెద్ద కోపిపాడ్‌లు. మధ్య మెట్టును కొలిచే పనిముట్టు విషయంలో ఇంత పట్టింపు ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ మెట్టును కొలిచేది ఈ వలే.

ఇక వల దగ్గరికి. అమ్మేవాళ్లు నోటి సైజు చెబుతారు, కన్ను సైజు చెబుతారు. గుడ్డ ఎంత పట్టిందో చెప్పరు, కొనేవాళ్లూ అడగరు. వల పనితనమంతా ఉన్నది అక్కడే. లెక్క ఇలా చేసుకోవాలి: గుడ్డ మొత్తం వైశాల్యాన్ని, అందులో నిజంగా రంధ్రాలున్న వంతుతో గుణించి, నోటి వైశాల్యంతో భాగించాలి. వచ్చేదే రంధ్ర నిష్పత్తి. ఈ వలకు నోరు 0.196 చదరపు మీటర్లు. ఒకటిన్నర మీటరు గరాటు, చివర 10 సెంటీమీటర్ల డబ్బా అనుకుంటే గుడ్డ సుమారు 1.43 చదరపు మీటర్లు. మంచి నైలాన్ గుడ్డలో రంధ్రాల వంతు 45 శాతం చుట్టూ ఉంటుంది. నిష్పత్తి 3.3 తేలుతుంది.

అది చాలా, చాలదా? 1968లో యునెస్కో వెలువరించిన జంతు ప్లవకాల సేకరణ పద్ధతుల్లో దీనికి సూత్రం ఉంది. పచ్చటి నీళ్లకు, అంటే తీరంలోని సారవంతమైన నీళ్లకు: వల ఎన్ని మీటర్లు లాగుతారో ఆ దూరపు లాగరిథమ్‌ను 0.38తో గుణించి, అందులోంచి 0.17 తీసేస్తే, కావలసిన నిష్పత్తి లాగరిథమ్ వస్తుంది. 50 మీటర్ల నిలువు లాగుడుకు 3.0 కావాలి. మన వల 3.3, గట్టెక్కింది. అయిదు నిమిషాలు సెకనుకు ఒక మీటరు వేగంతో అడ్డంగా లాగితే 300 మీటర్లు, దానికి 5.9 కావాలి. మన వల దరిదాపుల్లో లేదు. నడిసముద్రపు నీలి నీళ్లకు సూత్రంలో అంకెలు 0.37, 0.49. అక్కడ అదే 300 మీటర్లకు 2.7 చాలు. కాబట్టి ఇదే వలతో లక్షద్వీప్ దగ్గర అడ్డంగా లాగినవాళ్లు బాగుందంటారు, జూన్‌లో చెన్నై ఒడ్డున లాగినవాళ్లు తిడతారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

చాలకపోతే ఏం జరుగుతుంది? డయాటమ్ గొలుసులు, జిగురు కన్నులకు అతుక్కుంటాయి. నీరు వల గుండా పోలేక నోటి ముందు నుంచే పక్కలకు తప్పుకుంటుంది. వల బకెట్‌లా అయిపోతుంది. మూసుకున్న కన్ను 200 మైక్రాన్లది కాదు, అంతకంటే చిన్నది, కాబట్టి రావలసినవి కొన్ని రాకపోగా రాకూడని పిల్ల జీవులు వచ్చి పడతాయి. లెక్క ఎంత తప్పుతుందో ఒక ఉదాహరణ. 300 మీటర్లకు నోటి వైశాల్యాన్ని గుణిస్తే 58.9 ఘనపు మీటర్ల నీరు. వల మధ్యలో మూసుకుని సగటున 60 శాతమే వడగట్టిందనుకుందాం, అసలు నీరు 35.3 ఘనపు మీటర్లు. డబ్బాలో 21,000 కోపిపాడ్‌లు వచ్చాయనుకుంటే ఘనపు మీటరుకు నిజంగా ఉన్నవి 595. దూరాన్నిబట్టి లెక్కేసినవాళ్లు 357 అని రాస్తారు. జనవరిలో వల మూసుకోదు, అంకె సరిగ్గానే వస్తుంది. రెండు నెలలూ పక్కపక్కన పెట్టి పొంగు వస్తే జంతు ప్లవకాలు పెరగవని థీసిస్ ముగించినా ఆశ్చర్యం లేదు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. గరాటుకు ముందు 80 సెంటీమీటర్ల గొట్టంలాంటి భాగం కుట్టించాలి. దానికి పట్టే గుడ్డ 1.26 చదరపు మీటర్లు. మొత్తం గుడ్డ 2.68కి చేరుతుంది, నిష్పత్తి 6.1 అవుతుంది. 300 మీటర్లకు కావలసింది 5.9 కదా, అంచు మీద సరిపోయింది. గొట్టం భాగానికి ఇంకో లాభం ఉంది: లాగేటప్పుడు అది అల్లాడుతూ తనను తాను కొంత దులుపుకుంటుంది, గరాటుకు ఆ గుణం లేదు. అంతర్జాతీయంగా వాడే డబ్ల్యూపీ-2 వల ఈ పద్ధతిలోనే ఉంటుంది: నోరు 57 సెంటీమీటర్లు, గొట్టం 95, గరాటు 166, కన్ను 200 మైక్రాన్లు. చెన్నైలో కుట్టేవాళ్లు అడిగితే ఇస్తారు. అడగకపోతే పొట్టిదే ఇస్తారు, గుడ్డ ఆదా.

గుడ్డ నాణ్యత కూడా కొలిచి తీసుకోవాలి, లేబుల్ చూసి కాదు. 200 మైక్రాన్లు అనేది రంధ్రం సైజు. దారం మందం వేరు. దారం 100 మైక్రాన్లయితే రంధ్రాల వంతు 44 శాతం. అదే దారం 140 అయితే 35 శాతానికి పడిపోతుంది, అప్పుడు పొట్టి వల నిష్పత్తి 2.5 దగ్గరే ఆగిపోతుంది. రెండింటి మీదా 200 మైక్రాన్లనే రాసి ఉంటుంది. తేడా పట్టుకోవడం తేలిక: ప్రింటింగ్ ప్రెస్సులవాళ్లు వాడే భూతద్దంతో సెంటీమీటరుకు ఎన్ని దారాలున్నాయో లెక్కపెట్టండి. 33 ఉంటే మంచి గుడ్డ, 29 ఉంటే లావు దారం. ఆ తర్వాత గుడ్డను తడిపి, మైక్రోస్కోపు కింద స్టేజ్ మైక్రోమీటరు (సన్నని కొలత గీతలున్న గాజు పలక) పెట్టి మూడు చోట్ల ఇరవై చొప్పున కన్నులు కొలవాలి. సగటు 190–210 మధ్య ఉంటే ఉంచుకోవచ్చు. కుట్టు దగ్గర లాగుడు పడి కన్ను కోలగా సాగితే ఆ వల వెనక్కిచ్చేయాలి.

ధర తగ్గించడానికి కొందరు స్క్రీన్ ప్రింటింగ్ పాలియెస్టర్ గుడ్డ వేస్తారు. అదేమీ పాపం కాదు, పాలియెస్టర్ నీరు పీల్చదు, ఆ లెక్కన నైలాన్ కంటే మెరుగు కూడా. సమస్య ఏమిటంటే దాన్ని రంధ్రం సైజుతో కాక సెంటీమీటరుకు దారాల సంఖ్యతో అమ్ముతారు. 32 దారాల గుడ్డ అంటే దారానికి దారానికి దూరం 312 మైక్రాన్లు, అందులోంచి దారం మందం తీసేస్తే రంధ్రం. మందం తెలియకపోతే రంధ్రం తెలిసినట్టే కాదు. పాత ల్యాబుల్లో బీరువాల్లో ఉండే బోల్టింగ్ సిల్క్‌ను (పిండి జల్లించే పట్టుగుడ్డను) మాత్రం వాడొద్దు, తడిస్తే కన్ను మారిపోతుంది.

అసలు 200 మైక్రాన్లు సరైన కన్నేనా అన్నది వేరే ప్రశ్న. జీవి వెడల్పులో ముప్పావు వంతు ఉండే కన్ను దాదాపు 95 శాతం జీవుల్ని ఆపుతుందన్నది పాత లెక్క. ఆ ప్రకారం ఈ వల నమ్మకంగా పట్టేది 270 మైక్రాన్ల వెడల్పు పైబడినవి. కోపిపాడ్‌లలో టెమోరా, పెద్ద అక్రోకలానస్, సబ్‌యూకలానస్ వస్తాయి. ఓయిథోనా అనే సన్న కోపిపాడ్, గుడ్లలోంచి అప్పుడే వచ్చిన నాప్లియస్ పిల్లలు జారిపోతాయి. సిలియేట్‌లైతే (ఒంటికణపు జీవులు) ఉన్నాయని కూడా తెలియదు. గాలి ఆగి పొంగు సద్దుమణిగిన రోజుల్లో తిండి ప్రవాహం ఎక్కువగా ఈ చిన్నవాటి గుండానే పోతుంది. అందుకని వల ఒక్కదానితో జాలం మొత్తం గీసేయకండి. అదే చోట 20 లీటర్ల నీటిని 20 మైక్రాన్ల జల్లెడలో వడగట్టి పిల్ల జీవుల లెక్క విడిగా తీసుకోండి. వృక్ష ప్లవకాలకు వల అసలు వద్దు, సీసాలో పట్టిన నీరే ప్రమాణం.

పాత అంకెలతో పోల్చేవాళ్లకు ఒక హెచ్చరిక. 1960ల అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో వాడిన ప్రామాణిక వల నోరు ఒక చదరపు మీటరు, కన్ను 330 మైక్రాన్లు, 200 మీటర్ల నుంచి నిలువు లాగుడు. కొచ్చిలో వేరుచేసి లెక్కపెట్టిన ఆ నమూనాల అంకెల పక్కన ఈ 200 మైక్రాన్ల అంకెలు పెట్టి సముద్రం మారిపోయిందనడం అన్యాయం. మారింది కన్ను. కాలిఫోర్నియాలో 1949 నుంచి నడుస్తున్న కాల్‌కోఫీ సర్వేల బోంగో వల 505 మైక్రాన్లది, నోరు 71 సెంటీమీటర్లు. దానితోనూ ఇంతే.

ఫ్లోమీటరు ధర వల ధరను మించుతుంది. అందుకే చాలామంది మానేస్తారు. పైన చెప్పిన 357, 595ల తేడా గుర్తుంటే మానరు. జనరల్ ఓషియానిక్స్ 2030 రకం మన దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. ఆరంకెల కౌంటర్ ఉంటుంది, మామూలు రోటరుకు స్థిరాంకం 26,873. ముందూ వెనకా అంకెల తేడాను దీంతో గుణించి 9,99,999తో భాగిస్తే మీటర్లు. అంటే మీటరుకు 37 అంకెలు తిరగాలి, 300 మీటర్లకు సుమారు 11,160. వల దింపాక 11,000 రావలసిన చోట 6,500 వస్తే మీటరు చెడిపోయిందని అనుకోకండి, వల మూసుకుంది. తక్కువ వేగపు రోటరుకు స్థిరాంకం వేరు, పెట్టె మీద చూసుకోవాలి.

ఈ వలతో వచ్చే పెద్ద లోపం మీటరు కట్టే చోటుది. రింగుకు సరిగ్గా మధ్యలో రెండు తీగలు దాటించి కొక్కెం పెట్టి ఇస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గాని మధ్యలో ప్రవాహం నోటి సగటు కాదు. కేంద్రానికీ అంచుకీ నడుమ కట్టాలి. పురికొస, కేబుల్ టై సరిపోతాయి, కొత్త కొక్కెం అక్కర్లేదు. మీటరు లోపల నీరు నింపే మర ఉంటుంది, గాలి బుడగ పెద్దదైతే అంకెలు తప్పుతాయి. నిలువు లాగుడుకు వెనక్కి తిరగకుండా ఆపే రకమే తీసుకోండి, లేకపోతే వల దిగేటప్పుడే కౌంటర్ తిరిగేస్తుంది.

సీజను మొదట్లో ఒకసారి గుడ్డ లేకుండా రింగు, మీటరు మాత్రమే అదే వేగంతో అదే దూరం లాగి అంకె రాసుకోవాలి. ఆ తర్వాత ప్రతి లాగుడు అంకెను దానితో పోల్చాలి. 85 శాతం కంటే తగ్గిందంటే ఆ లాగుడు మూసుకున్నట్టే. దాన్ని పారేసి దూరం సగానికి తగ్గించి మళ్లీ లాగాలి. పొంగు రోజుల్లో ఒక పొడవాటి లాగుడు కంటే మూడు పొట్టివి మేలు.

చివరి డబ్బా (ల్యాబుల్లో కాడ్ ఎండ్ అనేది) 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క, కింద మూత, పక్కల నాలుగు కిటికీలు. కిటికీలకు అదే 200 మైక్రాన్ల గుడ్డ. పని బాగానే చేస్తుంది, పగిలినా ఏ ప్లంబింగ్ దుకాణంలోనైనా ఇంకోటి దొరుకుతుంది, దిగుమతి వల మీద దీనికున్న నిజమైన పైచేయి ఇదే. రెండు లోపాలున్నాయి. కిటికీ గుడ్డను పైపు లోపలివైపు అతికించడం వల్ల అంచున జంతువులు ఇరుక్కుంటాయి, మూడుసార్లు కడిగినా రావు. బయటివైపు అతికించమని అడగాలి. రెండోది, కిటికీలు అడుగు దాకా కోస్తారు. అడుగున నాలుగు సెంటీమీటర్లు మూసి ఉంచితే నమూనా నీటిలోనే నిలిచి, జంతువులు ఎండి నలగవు. డబ్బాను వలకు బిగించే క్లాంపు 304 స్టీలుది ఇస్తారు, ఉప్పునీటికి గుంటలు పడి ఒకరోజు ఊడి వస్తుంది. 316ది వేయించాలి, లేదా నెలకోటి మార్చాలి.

నోక్టిలుకా (రాత్రి మెరిసే ఒంటికణపు జీవి) వచ్చిన రోజుల గురించి విడిగా చెప్పాలి. 2019 ఆగస్టులో చెన్నై బీచుల్లో రాత్రి అలలు నీలంగా మెరిసింది దీనివల్లే. ఒక్కో కణం 200 మైక్రాన్ల నుంచి ఒక మిల్లీమీటరు పైదాకా ఉంటుంది, కాబట్టి ఇదంతా వలలోనే చిక్కుతుంది. రెండు నిమిషాల్లో డబ్బా గులాబీ జావలా నిండి కిటికీలు మూసుకుపోతాయి. గొట్టం కుట్టించినా లాభం లేదు. ఆరోజు 20–30 మీటర్ల నిలువు లాగుడు తప్ప ఇంకోటి పెట్టుకోకండి. టీనోఫోర్‌లు (జెల్లీల్లాంటి మెత్తటి జీవులు), జెల్లీలు పడిన రోజూ అంతే. వాటిని 5 మిల్లీమీటర్ల జల్లెడ మీద తీసి, కడిగి, పరిమాణం కొలిచి సముద్రంలో వదిలేయాలి. ఫార్మలిన్‌లో వేస్తే టీనోఫోర్‌లు కరిగి మిగతా నమూనాను జిగురు చేస్తాయి.

రింగు, తాళ్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. జీఐ రింగు రెండు సీజన్లలో తుప్పెక్కి కాన్వాసు పట్టీని కొరుకుతుంది, స్టీలు రింగు మేలు. మూడు కాళ్ల పొడవులు దారం పెట్టి కొలవండి, రెండు సెంటీమీటర్ల తేడాకే నోరు పక్కకు తిరుగుతుంది. స్వివెల్ (తాడు మెలిపడకుండా తిరిగే కీలు) ఇవ్వరు, కొనాలి. తాడు 8 మిల్లీమీటర్లది, కాసిమేడు దగ్గర వలల సామాను దుకాణాల్లో దొరుకుతుంది. నీలంగా ఉండే పాలీప్రొపిలీన్ తాడు నీటి మీద తేలుతుంది, అందుకని బరువు 12–15 కిలోలు తప్పనిసరి. బరువును తాడుకు కాకుండా రింగు కింద వేలాడదీయాలి. అయిదేసి మీటర్లకు రంగు టేపు.

బోటు సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. పొంగు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. ఆ రెండు నెలలూ ఔట్‌బోర్డు ఇంజను ఫైబర్ బోట్లే దిక్కు, వాటిలో వించి ఉండదు. సెకనుకు మీటరు వేగంతో ఈ నోటి వల పన్నెండు కిలోల దాకా లాగుతుంది, ఒకటిన్నర మీటరుకు పెంచితే అది ఇరవై ఏడు కిలోలవుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే లాగుడు రెండింతలకు పైనే పెరుగుతుంది. చేత్తో నిలువుగా లాగడానికి సెకనుకు 0.75 మీటర్లు మంచి వేగం, అంటే 30 మీటర్లకు 40 సెకన్లు. ఒకరు లాగాలి, ఒకరు గడియారం చూస్తూ టేపులు లెక్కపెట్టాలి. మధ్యలో ఆగకూడదు, ఆగితే పట్టినవి ఈదుకుంటూ బయటికి పోతాయి. అడ్డంగా లాగేటప్పుడు తాడు వంపును కోణమాపకంతో చూడాలి: నిలువు నుంచి 45 డిగ్రీలు వాలితే 40 మీటర్ల తాడు వదిలినా వల ఉన్నది 28 మీటర్ల లోతులోనే.

మోటారు పంపు లేని బోటులో కడగడం ఇలా: వలను నిలువుగా పట్టుకుని, నోరు మునగకుండా, మిగతా అంతా నీళ్లలో ముంచి లేపాలి, నాలుగైదుసార్లు. జంతువులు డబ్బాలోకి దిగుతాయి. నోటిలోంచి బకెట్‌తో నీళ్లు పోస్తే ఆ నీళ్లలోని ప్లవకాలు కూడా లెక్కలో చేరతాయి. చాలామంది చేసే తప్పు ఇది.

మెసెంజర్‌తో మూసే ఏర్పాటు అదనపు ధరకు ఇస్తారు. ఇత్తడి గుండు తాడు వెంట జారి కొక్కెం విడిపిస్తే, వల నడుముకు చుట్టిన తాడు బిగుసుకుంటుంది. పొంగు నీళ్లకు ఇది విలాసం కాదు. కింది నుంచి ఎక్కే నీటిలో ఆక్సిజన్ తక్కువ. కొచ్చి ముందరి షెల్ఫ్ (తీరాన్ని ఆనుకున్న లోతు తక్కువ సముద్రం) మీద సెప్టెంబరు వచ్చేసరికి అడుగున దాదాపు లేకుండా పోతుంది. కోపిపాడ్‌లు చాలావరకు పైనున్న సన్నని పొరలోనే ఇరుక్కుంటాయి. అడుగు నుంచి పైదాకా ఒకే లాగుడు చేస్తే సగటు వస్తుంది, ఎక్కడ గుమిగూడాయో తెలియదు, చేపలకు కావలసింది ఆ గుమిగూడిన చోటే. గుండు సాఫీగా జారాలంటే తాడు నిలువుగా ఉండాలి, ముళ్లు ఉండకూడదు, 30 డిగ్రీలు దాటి వాలితే మధ్యలోనే నిలబడిపోతుంది. క్రిల్ కోసం మాత్రం ఈ వలను నమ్ముకోవద్దు. పగలు 50 సెంటీమీటర్ల నోరు వాటికి దూరం నుంచే తెలుస్తుంది, ముందు వేలాడే మూడు కాళ్లు ఇంకా హెచ్చరిస్తాయి.

నమూనాను బోటులోనే రెండుగా విడదీయాలి, ఫోల్సమ్ స్ప్లిటర్ ఉంటే దానితో. లెక్కకు పెట్టే సగానికి: తొమ్మిది పాళ్ల నమూనాకు ఒక పాలు వాణిజ్య ఫార్మాల్డిహైడ్, అది 37–40 శాతంది కాబట్టి చివరికి 4 శాతం నిలుస్తుంది. ముందే బోరాక్స్ కలిపి ఆమ్లగుణం తీసేయాలి, లేకపోతే టెరోపాడ్ (ఈదే చిన్న నత్త) గుల్లలు కరుగుతాయి. జంతువులు సీసాలో పదో వంతు మించకూడదు. గ్లౌజులు తప్పనిసరి, ఇది కాన్సర్ కారకం.

ఏది ఏ మెట్టు మీద ఉందో తేల్చే ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) పరీక్షకు ఉంచే సగానికి ఫార్మలిన్ తగలకూడదు, కార్బన్ విలువ మారుతుంది. మంచులో పెట్టి ఒడ్డుకు తెచ్చి, 2 మిల్లీమీటర్లు, 1 మిల్లీమీటరు, 500, 200 మైక్రాన్ల జల్లెడల్లో వేరు చేయాలి. పొంగు నమూనాలో ఇక్కడే మోసం జరుగుతుంది. 200 మైక్రాన్ల జల్లెడ మీద నిలిచినదంతా జంతువులు కాదు, సగం డయాటమ్ జిగురు. దాన్ని అలాగే ఎండబెట్టి పంపితే ఏమవుతుందో చూడండి. ఒక మెట్టు ఎక్కితే నత్రజని-15 విలువ వెయ్యికి సుమారు 3.4 పెరుగుతుంది. నమూనాలోని నత్రజనిలో సగం డయాటమ్‌ది అయితే 1.7 తగ్గుతుంది, కోపిపాడ్ సగం మెట్టు కిందికి దిగిపోతుంది, దాన్ని తిన్న కవ్వ సగం మెట్టు పైకెక్కినట్టు కనిపిస్తుంది. కాబట్టి కోపిపాడ్‌లను చేత్తో ఏరాలి. ఎండిన కోపిపాడ్ ఒకటి 10 మైక్రోగ్రాములనుకుంటే తగరపు గుళికలో పెట్టే 0.6 మిల్లీగ్రాములకు 60 కావాలి. బతికున్నవి దొరికితే వడగట్టిన సముద్రపు నీళ్లలో రెండు గంటలు ఉంచి కడుపు ఖాళీ అవనివ్వండి. 60 డిగ్రీల దగ్గర 48 గంటలు ఎండబెట్టండి. అదేరోజు నీటిలోని సన్నని పదార్థాన్ని గాజుపీచు ఫిల్టరు మీద పట్టి పంపకపోతే మిగతాదంతా దండగ: ఆక్సిజన్ లేని చోట నైట్రేటు తరిగిపోయి మిగిలిన నీరు పైకెక్కితే మొదటి మెట్టు విలువే పెరిగి ఉంటుంది.

కుట్టు పని విషయానికొస్తే, గుడ్డ అంచులను మడిచి రెండు వరుసలు వేసి పైన టేపు కుట్టినవి చాలాకాలం నిలుస్తాయి. ఒకే వరుస కుట్టులో సూది రంధ్రాలు సాగి 400 మైక్రాన్లు దాటతాయి. వల చేతికి రాగానే లోపల దీపం పెట్టి చీకటి గదిలో చూస్తే ఎక్కడ కారుతుందో చుక్కలుగా కనబడుతుంది. సన్న చిల్లుకు సిలికాన్ సీలెంటు చుక్క చాలు. రెండు వేళ్లు పట్టే చిరుగుకు ముక్క వేయించాలి, ముక్క వైశాల్యం నిష్పత్తిలోంచి తీసేయాలి. ప్రతి రోజూ మంచినీళ్లతో బయటి నుంచి లోపలికి కడిగి, నీడలో ఆరబెట్టండి. డాబా మీద ఎండలో వేస్తే నైలాన్ పెళుసుబారుతుంది. బ్లీచింగ్ వద్దు.

ఆర్డరు చీటీలో రాయాల్సింది ఇంత: నోరు 50 సెంటీమీటర్లు, గొట్టం 80, గరాటు 150, గుడ్డ ఒంటిపోగు నైలాన్, రంధ్రం 200 మైక్రాన్లు, సెంటీమీటరుకు 33 దారాలు, రెండు వరుసల కుట్టు, టేపుతో, రింగు 316 స్టీలు, డబ్బా కిటికీలు బయటి నుంచి అతికించి, అడుగున 4 సెంటీమీటర్లు మూసి, మీటరు కొక్కెం మధ్యలో వద్దు, నడుము దగ్గర మూసే తాడుకు రింగులు, అదే థాను నుంచి అర మీటరు గుడ్డ విడిగా. ఆ చివరి అర మీటరు మరిచిపోతే మొదటి చిరుగు రోజున చెన్నై అంతా తిరిగినా అదే కన్ను దొరకదు.